మూత్రంలో మంట మొదలైతే ఏం చేయాలి: శాంపిల్ పట్టడం దగ్గర్నుంచి చివరి మాత్ర దాకా

"మంటగా ఉంది, ఏ మాత్ర వేసుకోవాలి?" "రిపోర్టులో పస్ సెల్స్ 8-10 అని ఉంది, ఇన్ఫెక్షనేనా?" "కోర్సు అయిపోయి వారం కాలేదు, మళ్లీ మంట, ఇప్పుడేంటి?" ఈ మూడు ప్రశ్నలూ అడిగేవాళ్లు మారుతుంటారు కానీ ప్రశ్నలు మారవు. అందుకే మొదటి మంట నుంచి చివరి మాత్ర దాకా వరసగా రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పేస్తాను: శాంపిల్ ముందు, యాంటీబయాటిక్ తర్వాత. ఇన్ఫెక్షన్ తగ్గక తిరుగుతున్నవాళ్లలో చాలామందికి ఈ వరస తిరగబడి ఉంటుంది.

అసలు జరిగేది పెద్ద మర్మమేమీ కాదు. పేగుల్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియా మలద్వారం చుట్టుపక్కల నుంచి మూత్రం వచ్చే దారిలోకి చేరి, పైకి పాకి, మూత్రాశయంలో మకాం పెడుతుంది. మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్లలో నూటికి 75 నుంచి 80 దాకా ఈ.కోలై అనే ఒక్క రకం వల్లే వస్తాయి. ఆ దారి ఆడవాళ్లలో సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్లలో 20 దాకా ఉంటుంది. ఆడవాళ్లకి ఎక్కువగా రావడానికి ముఖ్యమైన కారణం అదే, ఇంచుమించు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. కాబట్టి "శుభ్రంగా ఉండకపోతేనే వస్తుంది" అని ఎవరన్నా అంటే ఆ మాట అక్కడే వదిలేయండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ డబ్బా. ఇంట్లో సీసా ఎంత మరిగించి కడిగినా వద్దు.
- థర్మామీటర్. "ఒళ్లు వెచ్చగా ఉంది" అనే లెక్క ఇక్కడ చాలదు.
- ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు, మీకు పడని మందుల పేర్లు.
- పాత కల్చర్ రిపోర్టు (మూత్రంలోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షది) ఉంటే అది. దీన్ని పారేసేవాళ్లు చాలామంది, కానీ డాక్టర్‌కి అన్నిటికంటే పనికొచ్చే కాగితం అదే.
- పారాసిటమాల్.

1. ముందు ఇది ఆగదగ్గ పరిస్థితేనా చూసుకోండి

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటిందా? చలి పుట్టి వణుకు వస్తోందా? వీపు వెనక, పక్కటెముకల కింద ఒక పక్క నొప్పిగా ఉందా, వాంతులవుతున్నాయా? వీటిలో ఏదున్నా ఇన్ఫెక్షన్ మూత్రాశయం దాటి కిడ్నీ దాకా వెళ్లి ఉండొచ్చు. ఇక్కడితో చదవడం ఆపి ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి, రేపటికి వాయిదా వేయకండి. కిడ్నీలో రాయి ఉందని ముందే తెలిసినవాళ్లకి జ్వరం కూడా తోడైతే అది ఎమర్జెన్సీ. రాయి అడ్డుపడి వెనక మూత్రం నిలిచిపోయి చీము పట్టిందంటే మాత్రలతో ఆగే పని కాదు, ఆ అడ్డు తొలగించాల్సిందే. మూత్రం అసలు రాకపోయినా అంతే.

జ్వరం లేకపోయినా సొంత వైద్యం చేసుకోకూడనివాళ్లు కొందరున్నారు: గర్భిణులు, మగవాళ్లు, చిన్నపిల్లలు, క్యాథెటర్ (మూత్రం బయటికి రావడానికి పెట్టే గొట్టం) ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు. మగవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్లకి ఇన్ఫెక్షన్ వచ్చిందంటే వెనకాల ప్రోస్టేట్ వాపో, రాయో ఉందేమో చూడాలి, మందు కూడా ఎక్కువ రోజులు వాడాల్సి వస్తుంది. మూడు నెలల లోపు పసిపిల్లలకి కారణం తెలియని జ్వరం వస్తే మూత్ర పరీక్ష చేయించకుండా వదలకూడదు, వాళ్లు మంటని చెప్పలేరు కదా.

2. నిజంగా యూరిన్ ఇన్ఫెక్షనేనా?

మూత్రం పోసేటప్పుడు మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలే రావడం, ఆపుకోలేకపోవడం, పొత్తికడుపులో నొప్పి. ఇవి ఉండి, తెల్లబట్ట గానీ దురద గానీ లేకపోతే చాలా మటుకు ఇదే. తెల్లబట్ట, దురద ముఖ్యంగా కనిపిస్తుంటే ఫంగస్ కావచ్చు, దానికి యాంటీబయాటిక్ వేస్తే తగ్గకపోగా ఇంకా పెరగొచ్చు. కొత్త భాగస్వామితో కలిసిన తర్వాత మంట మొదలైనా, చీములాంటిది వస్తున్నా లైంగికంగా సోకే ఇన్ఫెక్షన్ల టెస్టులు వేరే చేయించాలి, మామూలు కల్చర్‌లో క్లమీడియా, గనేరియా దొరకవు. మొహమాటపడకుండా డాక్టర్‌కి చెప్పండి.

వాసన ఎక్కువగా ఉందనో, రంగు ముదిరిందనో మాత్రమే ఇన్ఫెక్షన్ అని అనుకోకండి. నీళ్లు తక్కువైనా అలాగే ఉంటుంది. ఇక "వేడి చేసిందిలే, అదే పోతుంది" అని వారాలు గడపడం దీనికి సరిగ్గా ఎదురు తప్పు. తేలికపాటివి కొన్ని వాటంతటవే తగ్గుతాయన్నది నిజమే, కానీ రెండు రోజులు దాటినా మంట అలాగే ఉంటే శాంపిల్ ఇవ్వండి.

3. శాంపిల్ పట్టడం (తప్పులన్నీ ఇక్కడే)

డబ్బా చేతికిచ్చి "పట్టుకు రండి" అంటారు, ఎలా పట్టాలో చెప్పేవాళ్లు తక్కువ. తప్పుగా పట్టిన శాంపిల్‌కి ఎంత మంచి ల్యాబ్ అయినా తప్పు రిపోర్టే ఇస్తుంది, ఆ రిపోర్టు చూసి అక్కర్లేని మందు రాస్తారు.

మొదటి డోసు యాంటీబయాటిక్ వేసుకోకముందే పట్టండి. ఒక్క మాత్ర పడ్డా బ్యాక్టీరియా కల్చర్‌లో పెరగకపోవచ్చు, అప్పుడు "నో గ్రోత్" అని వస్తుంది, మీకేమో మంట ఉంటుంది. ఇప్పటికే వేసేసుకున్నారా? మాత్రలు ఆపకండి, శాంపిల్ ఇవ్వండి, ఏ మందు ఎప్పుడు వేసుకున్నారో ల్యాబ్‌లోనూ డాక్టర్‌కీ చెప్పండి. కిడ్నీ ఇన్ఫెక్షన్ లక్షణాలుంటే ఆసుపత్రిలో శాంపిల్ తీసుకుని వెంటనే మందు మొదలుపెడతారు, రిపోర్టు కోసం ఆగరు.

పొద్దున్న మొదటిసారి వచ్చే మూత్రం మంచిది, లేదంటే నాలుగు గంటలైనా మూత్రాశయంలో నిలిచినది. మంట ఎక్కువగా ఉండి అంతసేపు ఆగలేకపోతే ఎప్పుడైనా ఇవ్వండి, ఇవ్వకపోవడం కన్నా అది నయం. కాకపోతే ల్యాబ్ దగ్గర కూర్చుని మూత్రం రావడానికి గ్లాసులు గ్లాసులు నీళ్లు తాగకండి, పలచబడిపోయి లెక్క తగ్గి కనిపిస్తుంది.

చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆడవాళ్లయితే యోని పెదవుల్ని ఒక చేత్తో వేరు చేసి పట్టుకుని, శుభ్రమైన నీళ్లతో ముందు నుంచి వెనక్కి తుడుచుకోండి, పట్టడం పూర్తయ్యేదాకా ఆ చెయ్యి తీయకండి. మగవాళ్లు ముందు చర్మం వెనక్కి జరిపి కడుక్కోవాలి. డెటాల్ లాంటివి వాడొద్దు, అవి డబ్బాలో పడితే బ్యాక్టీరియా చచ్చి రిపోర్టు తారుమారవుతుంది.

మొదట వచ్చేది కాస్త టాయిలెట్లో పోనివ్వండి. ధార ఆపకుండానే డబ్బాని మధ్యలో పెట్టి 20-30 మిల్లీలీటర్లు పట్టండి, మిగతాది మళ్లీ టాయిలెట్లోకే. మొదటి ధార ఎందుకు వద్దంటే దారిలో, చర్మం మీద ఉన్న బ్యాక్టీరియా అంతా అందులో కొట్టుకొస్తుంది. డబ్బా లోపలి భాగాన్ని వేలితో ముట్టుకోకండి, మూతని బోర్లించకుండా వెల్లకిలా పెట్టండి.

పట్టిన టైము డబ్బా మీద రాయండి. గంటలో ల్యాబ్‌కి చేరితే మంచిది, రెండు గంటలు దాటకూడదు. అనుకూలమైన వేడిలో ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, బయట పెట్టి మరిచిపోయిన డబ్బాలో కాసిని బ్యాక్టీరియా కూడా మధ్యాహ్నానికి లక్షలవుతుంది. వెంటనే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి (ఫ్రీజర్‌లో కాదు), 24 గంటల లోపు ఇచ్చేయండి. కొన్ని ల్యాబ్‌లు బోరిక్ యాసిడ్ పొడి ఉన్న ట్యూబ్ ఇస్తాయి, ఆ పొడి పారబోసి కడిగేసేవాళ్లు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి, గీత దాకా నింపి ఇవ్వండి.

నెలసరిలో ఉంటే ఆ మాట ల్యాబ్‌లో చెప్పండి, లేకపోతే రక్తకణాల లెక్క చూసి అందరూ కంగారుపడతారు. పసిపిల్లలకి అంటించే సంచిలో పట్టిన మూత్రంలో ఏమీ లేదని వస్తే నమ్మొచ్చు, ఇన్ఫెక్షన్ ఉందని వస్తే మాత్రం నమ్మలేం, మళ్లీ సరైన పద్ధతిలో తీయించాలి. క్యాథెటర్ ఉన్నవాళ్లకి సంచిలో నిలవున్న మూత్రం ఎప్పుడూ ఇవ్వకండి. చాలా రోజులుగా ఉన్న క్యాథెటర్ అయితే దాన్ని మార్చి కొత్తదాన్నుంచి తీయాలి.

4. రిపోర్టు చదువుకోవడం

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది పస్ సెల్స్, అంటే మూత్రంలో కనబడే తెల్లరక్తకణాలు. మైక్రోస్కోప్ కింద ఒక్కో ఫీల్డ్‌కి 5 దాకా ఉంటే సాధారణంగా మామూలే అనుకుంటారు. 8-10 ఉన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ అని కాదు, పక్కనే ఎపిథీలియల్ సెల్స్ (చర్మం, లోపలి పొరల నుంచి రాలే కణాలు) ఎన్నున్నాయో చూడండి. అవి చాలా ఉంటే చర్మం మీదివి డబ్బాలో పడ్డట్టు లెక్క, అంటే శాంపిల్ సరిగ్గా పట్టలేదు.

నైట్రైట్ అంటే కొన్ని బ్యాక్టీరియా మూత్రంలో తయారుచేసే పదార్థం, అది పాజిటివ్ వస్తే గట్టి ఆధారం. నెగెటివ్ వస్తే మాత్రం "ఏమీ లేదు" అని కాదు. ఎంటిరోకాకస్ లాంటి కొన్ని బ్యాక్టీరియా నైట్రైట్ తయారుచేయవు, చేసేవాటికి కూడా మూత్రాశయంలో కొన్ని గంటల టైము కావాలి.

కల్చర్‌కి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఏ మందు పనిచేస్తుందో తేలడానికి ఇంకో రోజు. అందులో మిల్లీలీటరుకి లక్ష కాలనీలు (ల్యాబ్‌లో పెరిగిన బ్యాక్టీరియా గుంపులు) అనే గీత కనిపిస్తుంది. 1950ల్లో ఎడ్వర్డ్ కాస్ అనే డాక్టర్ చేసిన పరిశోధనల నుంచి వచ్చిన లెక్క అది. దాన్ని గుడ్డిగా పట్టుకోనక్కర్లేదు, గట్టి లక్షణాలున్న ఆడవాళ్లలో వెయ్యి కాలనీలు వచ్చినా అర్థం ఉంటుంది. "మిక్స్‌డ్ గ్రోత్" అని వస్తే చాలావరకు శాంపిల్ కలుషితమైనట్టే. మందు కాదు, మళ్లీ శాంపిల్ కావాలి.

ఏ మందు పనిచేస్తుందో చెప్పే సెన్సిటివిటీ పట్టికలో ఎస్ అంటే పనిచేస్తుంది, ఆర్ అంటే చేయదు. పక్కనే ఎమ్ఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కనీసం ఎంత మందు కావాలో చెప్పే కొలత) అని అంకెలుంటాయి, అందరూ వాటిలో ఏది తక్కువుంటే అది గట్టి మందు అనుకుని డాక్టర్‌తో వాదనకి దిగుతారు. ఒక మందు అంకెని ఇంకో మందు అంకెతో పోల్చకూడదు, దేని కొలత దానిదే. ఎస్ ఉన్నవాటిలో అవసరానికి సరిపడే చిన్న మందే మంచిది.

ఇంకో ముఖ్యమైన సంగతి. లక్షణాలేమీ లేకుండా కల్చర్‌లో బ్యాక్టీరియా కనబడితే, గర్భిణులకీ మూత్రనాళాల ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకీ తప్ప, సాధారణంగా మందు అక్కర్లేదు. పెద్ద వయసువాళ్లలో ఇలా ఉండటం చాలా మామూలు. గర్భిణుల విషయంలో మాత్రం లక్షణాలు లేకపోయినా వైద్యం చేయాల్సిందే, వదిలేస్తే కిడ్నీ దాకా పాకే అవకాశం వాళ్లలో ఎక్కువ.

5. మందు

ఏది వాడాలో డాక్టర్ చెప్పాలి, కిందివి తెలిసి ఉంటే మీరు సరైన ప్రశ్నలు అడగగలరు.

నైట్రోఫ్యూరంటాయిన్ 1950ల నుంచీ వాడుకలో ఉంది, మామూలు మూత్రాశయం ఇన్ఫెక్షన్‌కి ఇప్పటికీ ముందు వరసలో ఉన్న మందు. సాధారణంగా 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, 5 రోజులు. అన్నం తిన్నాక వేసుకోండి, ఖాళీ కడుపున వికారం వస్తుంది, మందు ఒంటికి పట్టడం కూడా తగ్గుతుంది. మూత్రం ముదురు పసుపుగానో గోధుమ రంగులోనో వస్తే భయపడకండి. ఇది కిడ్నీ ఇన్ఫెక్షన్‌కి పనిచేయదు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి ఇవ్వరు, కాన్పు దగ్గరపడ్డ గర్భిణులకీ ఇవ్వరు.

ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడి, ఒకే ఒక్క డోసు. నీళ్లలో కలిపి, రాత్రి మూత్రానికి వెళ్లొచ్చి, పడుకునే ముందు ఖాళీ కడుపున తాగాలి. తాగిన మర్నాడే తగ్గలేదని ఇంకో మందు మొదలుపెట్టకండి, రెండు మూడు రోజులు టైమివ్వండి.

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేస్తే తీసుకోకండి. కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువులు తెగే ప్రమాదం, నరాల సమస్యలు ఉన్నాయని, వేరే మందు కుదిరినప్పుడు మామూలు మూత్రాశయం ఇన్ఫెక్షన్‌కి వీటిని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే హెచ్చరించింది. పోయినసారి మిగిలిన మాత్రలు, పక్కింటివాళ్లకి తగ్గిందని వాళ్ల చీటీ, ఇవి రెండూ అసలు వద్దు. అరకొరగా పడ్డ మందు ఇన్ఫెక్షన్‌ని తగ్గించదు, తర్వాత చేసే కల్చర్‌ని కూడా పాడుచేస్తుంది.

6. మందు పనిచేసేదాకా

నొప్పికి పారాసిటమాల్, పొత్తికడుపు మీద గోరువెచ్చని కాపడం. నీళ్లు దాహానికి తగ్గట్టు, మూత్రం లేత పసుపులో ఉండేలా చాలు, ఆరేడు లీటర్లు పట్టించక్కర్లేదు. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్లకి పరిమితి ఉన్నవాళ్లు ఆ పరిమితి దాటొద్దు.

మంట తగ్గించే ఫెనజోపైరిడిన్ మాత్ర మూత్రాన్ని నారింజ రంగులోకి మారుస్తుంది, బట్టలకి మరకలు పడతాయి, మూత్రం టెస్టునీ తప్పుదారి పట్టిస్తుంది. అందుకే శాంపిల్ తర్వాతే, అదీ రెండు రోజులకి మించకుండా. జీ6పీడీ లోపం (కొన్ని మందులకి ఎర్రరక్తకణాలు పగిలిపోయే పుట్టుకతో వచ్చే సమస్య) ఉన్నవాళ్లు వాడకూడదు. సిట్రేట్ సిరప్‌లు చాలామంది తాగుతుంటారు, అవి బ్యాక్టీరియాని చంపవు. పైగా నైట్రోఫ్యూరంటాయిన్ ఆమ్ల గుణమున్న మూత్రంలో బాగా పనిచేస్తుంది, ఈ సిరప్‌లు ఆ ఆమ్లాన్ని తగ్గిస్తాయి. రెండూ కలిపి వాడేముందు డాక్టర్‌ని అడగండి.

7. తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది

మంట ఒకటి రెండు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. తగ్గింది కదా అని మిగిలిన మాత్రలు ఆపేయకండి, రాసిన కోర్సు ఎలాగూ చిన్నదే. 48 గంటలయినా మార్పు లేకపోతే కల్చర్ రిపోర్టులో మీరు వాడుతున్న మందు పక్కన ఆర్ ఉందేమో చూసి డాక్టర్‌కి ఫోన్ చేయండి. మధ్యలో జ్వరం వస్తే మొదటి మెట్టులో చెప్పిందే.

లక్షణాలు పూర్తిగా పోతే మళ్లీ కల్చర్ అక్కర్లేదు. ఊరికే మనసు కుదుటపడటానికి చేయించుకుంటే అందులో ఏదో కనబడుతుంది, దానికి మళ్లీ మందు, ఇలా గొలుసు మొదలవుతుంది. గర్భిణులకి మాత్రం చేస్తారు. మొదటి రిపోర్టులో రక్తకణాలు ఉన్నవాళ్లు కోర్సయ్యాక కొన్ని వారాలకి ఒక మామూలు మూత్ర పరీక్ష చేయించుకోండి. అప్పటికీ రక్తం పోతుంటే, ముఖ్యంగా నొప్పి లేకుండా పోతుంటే, 45 దాటినవాళ్లూ పొగతాగేవాళ్లూ యూరాలజిస్టుని కలవాలి. మూత్రాశయం క్యాన్సర్ మొదట్లో ఇలాగే కనబడుతుంది, దాన్ని ఇన్ఫెక్షన్ అనుకుని నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడితే చేతులారా ఆలస్యం చేసుకున్నట్టు.

8. మళ్లీ మళ్లీ వస్తుంటే

ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే దాన్ని మళ్లీ మళ్లీ వచ్చే రకంగా లెక్కేస్తారు. ప్రతిసారీ కల్చర్ చేయించండి. వచ్చిన తేదీ, ఏ బ్యాక్టీరియా, ఏ మందు, దానికి ముందు ఏం జరిగింది (కలయిక, ప్రయాణం, మలబద్ధకం, కొత్త మందు) ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ప్రతిసారీ ప్రోటియస్ అనే బ్యాక్టీరియా వస్తుంటే రాళ్లున్నాయేమో చూస్తారు, ప్రతిసారీ కలయిక తర్వాతే వస్తుంటే దారి వేరు. ఆ తేడా ఈ కాగితం వల్లే తెలుస్తుంది.

నివారణలో నీళ్లకి మంచి ఆధారమే ఉంది. రోజుకి లీటరున్నర కన్నా తక్కువ తాగే, పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్ల మీద 2018లో ఒక అధ్యయనం వచ్చింది. అదనంగా లీటరున్నర తాగినవాళ్లకి ఏడాదిలో సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, తాగనివాళ్లకి 3.2 సార్లు వచ్చింది. క్రాన్‌బెర్రీ కొందరిలో మళ్లీ రాకుండా కొంత సాయపడుతుంది, వచ్చినదాన్ని తగ్గించదు. ఇన్ఫెక్షన్ రాకుండా అని అమ్మే డి-మన్నోజ్ అనే చక్కెర రకం పొడి మీద డబ్బు పెట్టొద్దంటాను, 2024లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో దానికీ ఉత్తుత్తి పొడికీ తేడా కనబడలేదు. కలయిక తర్వాత మూత్రానికి వెళ్లడం వల్ల నష్టమైతే లేదు, గట్టి ఆధారమూ లేదు. స్పెర్మిసైడ్ (గర్భం రాకుండా వీర్యకణాలని చంపే మందు) వాడుతున్నవాళ్లు మాత్రం అది మానేసి వేరే పద్ధతికి మారడం గురించి ఆలోచించండి, అది ప్రమాదాన్ని పెంచుతుందని బాగా తెలిసిన విషయమే. యోని లోపల సబ్బులు, వాష్‌లు వాడటం కూడా ఆపేయండి, అక్కడ కాపలా ఉండే మంచి బ్యాక్టీరియా పోతుంది.

నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకి యోనిలో రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము బాగా పనిచేస్తుంది, డాక్టర్ దాని పేరు ఎత్తకపోతే మీరే అడగండి. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. రోజూ చిన్న డోసు యాంటీబయాటిక్, మెథెనమిన్ (మళ్లీ రాకుండా వాడే, యాంటీబయాటిక్ కాని మందు) లాంటివి ఆ తర్వాతి మాట. వాటి గురించి మాట్లాడటానికి వెళ్లేటప్పుడు ఆ తేదీల కాగితం, పాత కల్చర్ రిపోర్టులన్నీ వరసగా పెట్టి తీసుకెళ్లండి.